అన్నిటికీ ఒకటే మాట

నాకు పెళ్ళైన రెండో ఏడు కార్తీకంలో పెద్ద గాలివాన వచ్చింది. మా ఊరు రాజోలుకి దిగువన, గోదారి సముద్రంలో కలిసేచోట. ఆ గాలికి ఒక ఓడ ఇసుక మేటలకి కొట్టుకుని విరిగిపోయింది. మర్నాడు మా ఆయన పడవ వేసుకెళ్ళి, కొయ్య పట్టుకుని తేలుతున్న ఒక మనిషిని తెచ్చేరు. కాలు మోకాలి కింద చీలిపోయి ఉంది.

మా మావగారు చిన్నప్పుడు కోరంగి రేవు ఓడల మీద పని చేసినవారు. అతని మాట కాసేపు విని, "మనీలావాడు. స్పెయిను దొరల మాట మాట్లాడతారు వీళ్ళు," అన్నారు. అంతకుమించి ఆయనకీ తెలియదు.

అతన్ని వలల పాకలో పడుకోబెట్టేం. మా అత్తగారు రోజూ వేడినీళ్ళతో పుండు కడిగి పసుపు అద్దేవారు. అప్పుడతను "లవార్" అనేవాడు. వ అంటున్నాడో బ అంటున్నాడో తేలేది కాదు. నొప్పికి అంటున్నాడనుకున్నాను. తరవాత నేను చట్టి తోముతుంటే వేలు చూపించి అదే మాట అన్నాడు. బియ్యం కడిగినా అదే, తాటిమొద్దు మీద బట్టలు ఉతికినా అదే. తను మొహం కడుక్కున్నప్పుడు మాత్రం చివర "మె" అని కలిపేవాడు.

"తోమినా ఉతికినా ఒకటే మాటంట," అని అత్తగారితో చెప్పేను.

"పని చేసేది ఆడవాళ్ళేగా, మగాడికి ఒక్క మాట చాల్లే," అన్నారావిడ.

నేను కుండ తోముతూ "లవార్" అంటే తల అడ్డంగా ఊపి, "లవో" అని దిద్దేవాడు. నేను కడుగుతున్నానని చెప్పాలంటే అలా అనాలని రెండు రోజులకి అర్థమైంది.

అయిదోనాడు ఒడ్డుకి శవం కొట్టుకొచ్చింది. మా ఆయన భుజం పట్టుకుని కుంటుతూ వెళ్ళి చూసి, అతను ఇసుకలో కూలబడ్డాడు. అతని వాడే. తమ్ముడో, స్నేహితుడో మాకు తెలియలేదు. ఊరివాళ్ళు దూరంగా నిలబడ్డారు. అతను అందరి మొహాలూ చూసి, చివరికి నాకేసి తిరిగి "లవార్" అన్నాడు.

నేను నీళ్ళకుండ ఎత్తేను. అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"కడుపుతో ఉన్నావు, శవం దగ్గరికి వెళ్తావా?"

"నీళ్ళు అడుగుతున్నాడు అత్తా. మొహం కడగాలంట."

"ఏ కులమో ఏమో, ముట్టుకుంటే ఊరుకోం," అన్నాడు కులపెద్ద.

అత్తగారు నా చేతిలోంచి కుండ తీసుకుని వెళ్ళి, శవం పక్కన కూర్చుని నీళ్ళు పోసేరు. అతను జుట్టులో ఇసుక, మొహం, చేతులు కడిగేడు. తడిబట్టతో మళ్ళీ తుడిచేడు. తరవాత మా ఆయన, మావగారు దిబ్బ మీద గొయ్యి తీసేరు.

కులపెద్దలు ఆవిణ్ణి పదిరోజులు ఇంట్లోకి రావద్దన్నారు. పొరుగింటివాళ్ళు నిప్పు ఇవ్వడం మానేసేరు. ఆవిడ పెరట్లో చాప వేసుకుని పడుకుని, "పదిరోజులు వంట తప్పింది," అన్నారు. నేను అన్నం దూరంగా పెట్టేదాన్ని. నాకు సిగ్గుగా ఉండేది, వెళ్ళవలసింది నేనని.

సంక్రాంతి వెళ్ళేక మా ఆయన కొబ్బరికాయల పడవ మీద అతన్ని కోరంగి తీసుకెళ్ళి, బర్మాలో రంగం వెళ్ళే ఓడ ఎక్కించి వచ్చేరు.

"ఒక్కడే వెళ్ళేడా?" అని అడిగేరు అత్తగారు.

"ఆయ్, ఒక్కడే."

ఆవిడ తల ఊపి, ఎండలో చేపలు తిరగెయ్యడానికి వెళ్ళిపోయేరు.