ఆరో రోజు దాకా ఉంచిన పిండం

2022 వేసవి. గుడివాడలో నేను పనిచేసే సంతాన సాఫల్య కేంద్రంలో ల్యాబ్ అంటే రెండు గదులు, మూడు ఇంక్యుబేటర్లు, నేను. డాక్టరుగారు అండాలు తీసి ఇస్తే, వాటిని భర్త వీర్యకణాలతో కలిపి, ఐదు రోజులు పెంచి, గర్భంలో పెట్టడానికి పనికొచ్చే పిండాలను ఏరి ఇస్తాను. ఈ పని చేసేవాళ్లను ఎంబ్రియాలజిస్ట్ అంటారు. మా చుట్టాలు మాత్రం ‘పిల్లల డాక్టరు దగ్గర ఏదో చేస్తుంది’ అని పరిచయం చేస్తారు. సరిదిద్దీ సరిదిద్దీ విసుగొచ్చి మానేశాను.

ఆ మే నెలలో పెడన నుంచి నాగమణి, ఆమె భర్త రాంబాబు వచ్చారు. ఇద్దరిదీ కలంకారీ పనే. ఆవిడ అచ్చులతో బట్ట మీద అద్దకం వేస్తుంది, ఆయన రంగు ఉడకేస్తాడు. పెళ్ళయి తొమ్మిదేళ్లు. అంతకుముందు రెండుసార్లు ప్రయత్నించి ఓడిపోయారు. ఇదే ఆఖరుసారని, ఇక ఒంటికి ఇన్ని సూదులు తట్టుకోలేనని ఆవిడ మొదటి రోజే చెప్పేసింది.

సోమవారం ఆరు అండాలు దొరికాయి. నాలుగు ఫలదీకరణ చెందాయి. గురువారానికి మూడు ఆగిపోయాయి. శనివారం పొద్దున, అంటే ఐదో రోజు, మైక్రోస్కోపు కింద మిగిలింది ఒక్కటే. అది కూడా వెనకబడి ఉంది. నాలుగో రోజు ఉండాల్సిన దశలోనే, అంటే మోరులా అనే దశలో, కణాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయిన ముద్దలా ఉంది.

ఐదో రోజుకు ఆ ముద్దలో చీలిక కనిపించాలి. చుట్టూ గోడలా ఒక వరస, మధ్యలో నీళ్లు, ఒక పక్కన చిన్న గుత్తి. ఆ రూపాన్ని బ్లాస్టోసిస్ట్ అంటాం. బయటి వరస తర్వాత బిడ్డకు ఆహారం అందించే మాయ అవుతుంది, లోపలి గుత్తి బిడ్డ అవుతుంది. ప్రయోగశాలల్లో పెంచే, ఏ కణంగానైనా మారగల ఎంబ్రియోనిక్ స్టెమ్ సెల్స్‌కు మూలం ఆ గుత్తే. మా పిండంలో ఇవేవీ లేవు.

మరునాడు ఆదివారం, ల్యాబుకు సెలవు. అవనిగడ్డలో మా పిన్నిగారి గృహప్రవేశం. చీర కూడా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాను. రికార్డు షీటులో ఆ పిండం ఎదురుగా ‘అరెస్టెడ్’, అంటే ఎదుగుదల ఆగిపోయింది, అని రాసేశాను. అలా రాసినదాన్ని ఇక పారేయడమే. తర్వాత వాళ్లిద్దరినీ పిలిచి, తెర మీద ఫొటో చూపించి, విషయం చెప్పాను.

నాగమణి ఏడవలేదు. అందులో ఏం కావాల్సింది, ఏం కాలేదు అని అడిగింది. చాలామంది ‘ఇంకేం చేద్దాం’ అని అడుగుతారు, ఇలా ఎవరూ అడగరు. కాబట్టి కూర్చుని చెప్పాను. ఈ కణాలన్నిటిలోనూ జన్యువులు ఒకటే. బయటి అంచున పడిన కణానికి తాను అంచున ఉన్నానని తెలుస్తుంది. దాంతో అందులో మాయకు సంబంధించిన జన్యువులు పని మొదలుపెడతాయి. లోపల పడినదానిలో అవి ఊరుకుంటాయి, బిడ్డకు కావలసినవి పనిచేస్తాయి. ఏ కణంలో ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో నడిపించే ఈ ఏర్పాటునే జీన్ రెగ్యులేషన్ అంటారని చెప్పాను.

ఆవిడ తెర వైపే చూస్తూ, “మా బట్టా అంతేనండీ,” అంది. “గుడ్డంతా ఒకటే. పటిక అద్దిన చోటే ఎరుపు పట్టుద్ది, మిగతాచోట పట్టదు. అద్దిన రోజున చూస్తే ఏం తెలీదు. ఉడకేసినాకే పువ్వు తేలుద్ది.”

నిజం చెప్పొద్దూ, పదిహేనేళ్లలో నేను ఎవరికీ అంత తేలిగ్గా చెప్పలేకపోయాను. కొంచెం ఈర్ష్య కూడా కలిగింది.

రాంబాబు అందుకున్నాడు. “పటిక అద్దినాక రెండు మూడు రోజులు ఆరనివ్వాలండీ. ఓసారి బందరులో పెళ్ళికి వెళ్ళాలని తొందరపడి, మర్నాడే కాలవలో జాడించేశాను. పటికంతా కొట్టుకుపోయింది. ఉడకేస్తే ఒక్క పువ్వు సరిగా రాలేదు. బట్ట తప్పు కాదండీ, నాదే.” తెర మీది ఫొటో చూపించి, “దీన్ని ఇంకో రోజు ఉంచితే చెడిపోద్దాండీ?” అని అడిగాడు.

చెడిపోదు. కొన్ని పిండాలు ఆరో రోజుకు గానీ ఆ రూపానికి రావు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. అయినా ఆ షీటులో ఆ మాట ఎందుకు రాశానంటే, మర్నాడు ఆదివారం కాబట్టి. ఆయన పెళ్ళి సంగతి చెబుతుంటే నా ఇస్త్రీ చీర గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

ఆశ పెట్టుకోవద్దని, వస్తుందన్న నమ్మకం తక్కువేనని ఇద్దరికీ గట్టిగా చెప్పాను. డాక్టరుగారిని అడిగితే, నువ్వు వస్తానంటే ఉంచు అన్నారు. గృహప్రవేశానికి రాలేనని పిన్నికి ఫోన్ చేశాను. ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తి దెప్పుతుంది.

ఆదివారం తొమ్మిదింటికి డిష్ బయటికి తీసి చూశాను. ముద్ద విడింది. గోడ, నీళ్లు, పక్కన గుత్తి. చిన్న గుత్తే, కానీ స్పష్టంగా ఉంది. ఆ గదిలో ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టి మొహమాటపడకుండా ఏడ్చాను. తర్వాత కళ్లు తుడుచుకుని, చేతులు కడుక్కుని, తర్వాతి నెలల్లో గర్భంలో పెట్టడానికి వీలుగా పిండాన్ని ఫ్రీజ్ చేశాను. షీటులో రాసింది కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను.

జూలైలో దాన్ని గర్భంలో పెట్టారు. మళ్ళీ వేసవి రాకముందే ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు అంగన్‌వాడీకి వెళ్తోంది. మొన్న నాగమణి తీసుకొచ్చినప్పుడు నా బల్ల మీది పెన్నుతో చెయ్యంతా గీసుకుంది. వాళ్లమ్మ నాకొక దుప్పటి తెచ్చింది, ఎర్రపూలది.

ఆ పిండాన్ని నేనేమీ బాగుచేయలేదు. దానికి కావలసిన టైము అది తీసుకుంది. నేను చేసిందల్లా పారేయకపోవడం. ఆ తర్వాత అలా ఆరో రోజు దాకా చాలావాటిని ఉంచాను. ఎక్కువ వాటిలో ఏమీ రాలేదు. ఆ మాటా ఆయా దంపతులకు నేనే కూర్చోబెట్టి చెబుతాను, అదేమీ తేలిక కాలేదు. కానీ ఆదివారం పొద్దున వచ్చి, ఇంకోసారి కళ్లతో చూసి చెబుతాను. శనివారం నాడు మాత్రం ‘అరెస్టెడ్’ అని రాయను.