వాకిట్లో గుండెకాయ

ఈ రోజు పొద్దున సూర్యాపేటలో, మా వాకిట్లో ముగ్గుకు బదులు గుండెకాయ వెలిసింది.

మా అమ్మాయికి పదో తరగతి జీవశాస్త్రం పరీక్ష. బొమ్మ వెయ్యమంటే చాలు, దానికి చెయ్యి వణుకుతుంది. ప్రీఫైనల్లో బొమ్మల ప్రశ్నలన్నీ వదిలేసి వచ్చింది. ఇవాళ లేవగానే "నేను పోను" అని ఏడుపు మొదలుపెట్టింది. మా అత్తమ్మ బుజ్జగించలేదు. ముగ్గు గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది.

"ఇరవై ఒక్క సుక్కల ముగ్గు ఏస్తవ్ గదనే. గా గుండె బొమ్మ గూడ ఈడనే ఎయ్యి."

ముక్కు తుడుచుకుంటూనే వేసింది. నాలుగు గదులు, రక్తనాళాలు, అన్నీ. పాలాయన దాన్ని తొక్కకుండా గోడ వారగా నడిచొచ్చాడు.

మధ్యాహ్నం పరీక్ష సెంటరు గేటు దగ్గర ఆత్రంగా అడిగాను.

"గుండె బొమ్మ వచ్చిందా?"

"రాలే మమ్మీ. కిడ్నీ అడిగిన్రు."

నా ప్రాణం ఉసూరుమంది.

"అయినా ఏసిన! చెయ్యి అస్సలు వణకలే!"

ఇంటికొస్తే, పరీక్ష తానే రాసినట్టు అత్తమ్మ కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

ఎల్లుండి సోషల్. ఇండియా మ్యాపుకు మా వాకిలి చాలదని పక్కింటావిడ తన వాకిలి కూడా ఇచ్చింది. మీ పిల్లల్ని ఏ పాఠం భయపెడుతోందో చెప్పండి, మా ఇంట్లో ముగ్గు పిండి ఇంకా చాలా ఉంది.