మేడమ్ గారి మడి

రెండో పంటగా వేసే దాళ్వా వరి పొట్టకొచ్చే రోజులవి. ఉంగుటూరు దగ్గర ఒక రైతు చేలో, రోడ్డు పక్క మడిలో, ఇనుప స్తంభం పాతి మా యూనివర్సిటీ యంత్రాలు బిగించాను. గాలిలోని ఓజోన్‌ను వరి ఆకులు ఎంత పీల్చుకుంటున్నాయో వాటితో లెక్కగడతాను. ఎక్కడో ఆకాశంలో ఉండే ఓజోన్ మనల్ని కాపాడుతుంది. నేల దగ్గర, బండ్ల పొగకు ఎండ తోడై పుట్టేది మాత్రం ఊపిరితిత్తులను పీడిస్తుంది. మా పాపకు ఎండాకాలం మధ్యాహ్నాల్లోనే ఆయాసం వస్తుంది కాబట్టి నాకిది ఉద్యోగం ఒక్కటే కాదు.

నేను కంప్యూటర్లో కట్టిన మోడల్ చెప్పేది ఒకటే. ఎండలు ముదిరి నీరు తగ్గితే ఆకులు తమ సన్నటి రంధ్రాలు మూసుకుంటాయి, ఓజోన్ గాలిలోనే ఉండిపోతుంది. చేలో యంత్రం మూడు వారాలుగా వేరే మాట చెబుతోంది. కాలవకు వంతులవారీగానే నీళ్ళు వదులుతున్నా, మిట్టమధ్యాహ్నం కూడా ఆకులు చక్కగా పీల్చుకుంటున్నాయి. మోడల్ తప్పితే సిగ్గుపడాలి. నేనేమో గాలి బాగుపడుతోందని సంబరపడ్డాను. ఆ ఆదివారం మధ్యాహ్నం ఏలూరులో మా ఇంటి దగ్గర పాపను ఆడుకోవడానికి కూడా పంపాను. ఒక్క మడి లెక్క చూసి పిల్లను ఎండలోకి పంపడం ఏం శాస్త్రమో నాకే తెలియదు. సాయంత్రానికి దానికి దగ్గు పట్టుకుంది. దుమ్ము వల్లేనని సర్దిచెప్పుకున్నాను.

దగ్గు తగ్గింది గాని ఆ లెక్క మీద నా అనుమానం తగ్గలేదు. ఎప్పుడూ ముందురోజు ఫోన్ చేసి వెళ్ళేదాన్ని, ఈసారి చెప్పకుండా వెళ్ళాను. రైతు పార పట్టుకుని, తన వంతు నీళ్ళన్నీ యంత్రం ఉన్న మడిలోకే మళ్ళిస్తున్నాడు. నన్ను చూసి కంగారుపడ్డాడు.

“వస్తున్నట్టు ఫోన్ చెయ్యలేదేంటండీ?”

గట్టు దాటి మొదటిసారి లోపలికి నడిచాను. అవతలి మడులు నెర్రెలు విచ్చి ఉన్నాయి. ఆకులు చాప చుట్టినట్టు చుట్టుకుపోయాయి. ఇన్నాళ్ళూ రోడ్డు పక్క దిగి, ఆ ఒక్క మడి చూసుకుని, చేనంతా అలాగే ఉందనుకుని వెళ్ళిపోయాను.

“ఇదేంటి బాబాయ్ గారూ, నీళ్ళన్నీ దీనికేనా?”

“మీరే అన్నారు కదండీ, ఈ ఆకులు పీల్చుకుంటేనే గాలి బాగుపడుద్దని. పైగా మీరు చూసే మడి ఎండిపోతే మాకు నామర్దా కాదాండీ?”

మజ్జిగ తెచ్చిన ఆయన భార్య వింటూనే ఉంది. “ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. ఈయన వరసే అంతండీ,” అంది.

ముందు కోపం వచ్చింది. మూడు వారాల లెక్క నీళ్ళపాలైంది కదా! తర్వాత సిగ్గేసింది. పొట్టకొచ్చిన పైరును మాడబెట్టుకుని ఆయన నాకు మర్యాద చేశాడు. వచ్చే వంతు నుంచి అన్ని మడులకూ నీళ్ళు పెట్టుకోమని బతిమాలాను. దానికింకా నాలుగు రోజులుంది. ఆలోగా స్తంభాన్ని ఎండిన మడిలోకి మారుద్దామన్నాను.

“ఆ మడా? అది మీకు చూపించేది కాదండీ,” అన్నాడు. అయినా తనే వచ్చి గుంట తీశాడు.

ఆ నాలుగు రోజులూ మోడల్ తప్పు కావాలని మొక్కుకోవడం ఒక్కటే తక్కువ. నాలుగో రోజు మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. పొద్దున పదింటికల్లా ఆకులు రంధ్రాలు మూసుకున్నాయి. ఓజోన్ గాలిలోనే ఉండిపోయింది. మోడల్ గీత మీద చేలో కొలిచిన గీత సరిగ్గా పడింది.

“లెక్క సరిపోయిందాండీ?” అన్నాడు రైతు.

“సరిపోయింది బాబాయ్ గారూ.”

“మరి అలా ఉన్నారేంటండీ?”

అంతలో ఫోన్ మోగింది. పాప.

“అమ్మా, ఆడుకోడానికి వెళ్ళనా?”

“వద్దు. ఎండ తగ్గనీ.”

“మొన్న వెళ్ళమన్నావుగా!”

“మొన్న నేను తప్పు చెప్పానమ్మా,” అన్నాను.