పిండిలో చెయ్యి పెట్టిన సేల్స్‌మన్

అతను పిండి మిల్లులో సేల్స్‌మన్. పదకొండేళ్లుగా బేకరీలకు మైదా బస్తాలు అమ్ముతున్నాడు. మాటకారి, నవ్వుమొహం. పిండి గురించి ఎవరేమడిగినా ఒకటే జవాబు: "కనుక్కుని చెప్తానండీ." అందుకని బేకరీల వాళ్లంతా అతన్ని 'కనుక్కుంటాగారు' అని పిలిచేవాళ్లు. తనూ వాళ్లతోపాటు నవ్వేసేవాడు.

ఒకరోజు ఓ బేకరీకి వెళ్లగానే, దాని యజమానురాలు ఒక బ్రెడ్డు తెచ్చి అతని చేతిలో పెట్టింది. అరవై దాటిన మనిషి. అందరికీ పెద్దమ్మే.

"ఎలా ఉంది?"

"గట్టిగా ఉంది పెద్దమ్మా."

"గోడ కట్టుకోవచ్చు. మీ కొత్త బస్తా విప్పినప్పటినుంచీ ఇంతే. ఎందుకని?"

"కనుక్కుని..."

"ఆపు నాయనా. ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఈ పిండి పిసికావా?"

అతను చేతిలో బ్రెడ్డును అటూ ఇటూ తిప్పాడు.

"రేపు ఆరింటికల్లా రా. మంచి చొక్కా వేసుకురాకు."

వెళ్లాడు. మొదటి ముద్ద మోచేతుల దాకా అంటుకుని ఓ పట్టాన వదల్లేదు. పనివాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "నీళ్లు తగ్గించనా?" అన్నాడు. పెద్దమ్మ చేతులు కడుక్కుని వచ్చి ముద్దను సాగదీసి చూసింది. "ఇది పాత పిండిలా లేదు, ఇంకా తాగేలా ఉంది. ఇంకాస్త నీళ్లు పొయ్యి, చూద్దాం," అంది. కొంచెం కొంచెంగా నీళ్లు పెంచుతూ పోయారు. మూడో వాయి బ్రెడ్డు పొయ్యిలో బుసబుసా పొంగింది. అద్దంలోంచి చూస్తూ అతను చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

ఎందుకలా అయిందో తెలుసుకోకపోతే ఆ పూట అన్నం సయించేలా లేదు. తిన్నగా మిల్లు ల్యాబుకి వెళ్లాడు. అక్కడి కెమిస్టమ్మాయి చిన్న పిండిముద్దను కుళాయి కింద పట్టి కడుగుతూ పోయింది. తెల్లనీళ్లన్నీ కారిపోయాక రబ్బరులాంటి ఉండ మిగిలింది.

"ఇదీ దాని బలం, బాబాయ్‌గారూ. కొత్త మైదాలో ఇది ఎక్కువ. అందుకే నీళ్లెక్కువ అడుగుతుంది."

ఇంటికెళ్లి భార్య ముందు అదే చేసి చూపించాడు. "నలభై ఆరేళ్లొచ్చాయి, పిండితో ఆటలేమిటండీ?" అంది ఆవిడ. నిమిషం తిరక్కుండా, "ఇటివ్వండి, మీకు కడగడం రాదు," అని లాక్కుంది.

అది మొదలు. సెలవురోజు వస్తే వంటిల్లు అతనిదే. "నాన్నా, ఇది బన్నా, పేపర్‌వెయిటా?" అనేది కూతురు, అంటూనే తినేది.

రెండేళ్లకు ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ ఆయన కబురుపెట్టాడు. అన్నిటికంటే ఖరీదైన మైదా కావాలన్నాడు, లారీల కొద్దీ. అంత పెద్ద ఆర్డరు అతని చేతికి అదే రావడం. అయినా, "అది తీసుకోకండి సార్," అన్నాడు. "ఆ పిండికి సాగుడెక్కువ. బిస్కెట్టు ముడుచుకుపోయి పళ్లకు పనిచెప్తుంది. మీక్కావలసింది మెత్తరకం, చవకది."

మేనేజరు మండిపడ్డాడు. "అమ్మమని పంపితే వద్దని చెప్పొచ్చావా?"

నెల తిరక్కుండా ఆ ఫ్యాక్టరీ ఆయనే చవక పిండితో చేసిన బిస్కెట్ల డబ్బా పట్టుకుని మిల్లుకొచ్చాడు. మెత్తరకం మూడేళ్లకు సరిపడా మాట్లాడుకుని, "ఇకమీదట మా దగ్గరికి ఈయన్నే పంపండి," అని మరీ వెళ్లాడు. మేనేజరు డబ్బాలో చెయ్యి పెట్టి, ఒకటి కొరికి, ఇంకోటి తీసుకుని, "కొత్తగా చేరిన వాళ్లకు నువ్వే నేర్పు," అన్నాడు. పాఠం మిల్లులో కాదు, పెద్దమ్మ బేకరీలో పెట్టించాడతను. ఆవిడ కుర్చీ వేసుక్కూర్చుని అందరినీ కేకలేస్తూ తెగ మురిసిపోయింది.

ఈ ఏడాది గోధుమ తవుడు మీద పడ్డాడు. తవుడు కలిపిన బ్రెడ్డు ఎందుకు పొంగదో తేలాలి. కెమిస్టమ్మాయి ఇచ్చిన పుస్తకం ముందేసుకుని, తవుడు ముందుగా నానబెట్టి చూస్తున్నాడు. మొన్న ఆరో బ్రెడ్డు కోసి పెడితే, భార్య నమిలి, ఆలోచించి, "కాస్త నయం," అంది.

ఆ 'కాస్త'ని పెంచుదామని వెంటనే ఏడోదానికి తవుడు నానబోశాడు.