మాగని ఎరువు, లచ్చమ్మ చోడి చేను

మా వీధి ఆడవాళ్ళం రైతు బజారులో పారేసే కూరగాయల చెత్తను, కోడిమాంసం దుకాణాల వ్యర్థాన్ని ఎండుటాకులతో కలిపి ఎరువు చేస్తున్నాం. రంపచోడవరం అవతల కొండమీది గిరిజన పల్లెకు తొలకరి ముందే చేరాలని కొన్ని బస్తాలు పంపాం. అక్కడి లచ్చమ్మ తన అత్తగారి నాటి చోడి (రాగి) విత్తనమే ఇప్పటికీ వేస్తుంది. ఆ ఇంటికి ఏడాది పొడవునా అంబలి దానితోనే. వాలులో మట్టి కొట్టుకుపోయి చేను సారం కోల్పోతోందని తనే ఎరువు అడిగింది. మొన్న మా దగ్గర మిగిలిన కుప్పను తిరగేస్తే లోపలి నుంచి ఆవిరి, ఘాటు వాసన వచ్చాయి. అంటే ఎరువు మాగలేదు. మాగని ఎరువు మొలకను మాడ్చేస్తుంది. లచ్చమ్మ ఫోను కలవలేదు. పూజలో కూర్చున్నా మనసు నిలవలేదు.

మర్నాడు పొద్దున్నే రాజమండ్రి కాంప్లెక్సులో గోకవరం మీదుగా వెళ్ళే బస్సు ఎక్కాను. ఆడవాళ్ళకు టికెట్టు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. సుమారు రెండు గంటల ప్రయాణం. గోకవరం దాటాక అడవి చాలా బాగుంటుందంటారు. నేను భీమేశ్వర స్వామిని తలుచుకుంటూ కళ్ళు మూసుకునే ఉన్నాను. రంపచోడవరంలో దిగి ఆటో మాట్లాడుకుని ఊరి పేరు చెప్పగానే డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"కోడి బస్తాలు పంపింది మీరేనాండి?"

"అవును బాబూ. ఏమైంది?"

"ఏం లేదండి. అవి నా ఆటోలోనే తీసుకెళ్ళానండి. ఇంటికెళ్తే మా ఆవిడ నన్ను గుమ్మం బయటే నిలబెట్టి నీళ్ళు గుమ్మరించిందండి. కుక్కలు మాత్రం ఊరి దాకా సాగనంపాయి."

నవ్వాను గానీ, వాసన అంత ఉందంటే నా భయం నిజమే.

లచ్చమ్మ చేనులోనే ఉంది. పైభాగంలో మొలక పచ్చగా ఉంది. ఎరువు వేసిన కిందిభాగం పసుపు బారి వాలిపోయింది.

"చెయ్యి పెట్టి చూశారా అక్కా, పంపేముందు?"

"లేదమ్మా. కోడి పేగుల కుప్ప కదా. దీపం పెట్టే చేతులని మేమంతా పారతోనే తిప్పాం."

"చేతులు కడుక్కుంటే మీ దేవుడు ఒప్పుకోడా?" అంది.

ఇద్దరం ఎరువును గీకి గట్టు మీదికి లాగాం. తర్వాత లచ్చమ్మ ఇంట్లో పొయ్యి పైన వేలాడే విత్తనాల సొరబుర్ర దింపింది. వీళ్ళు విత్తనమంతా ఒకేసారి చల్లరు. పెద్దల వాటా అని కొంత పొగలో ఉంచి, చేను కోతకొచ్చాకే వండుకుంటారు. సగం చేటలోకి వంపి బుర్ర మళ్ళీ కట్టేసింది.

"ఇంకాస్త తియ్యరాదూ?"

"ఇదీ పోతే? షాపులో ఏ విత్తనం ఇస్తే అదే వెయ్యాలి, అదే తినాలి."

చేటలోది గీకిన చోట చల్లాక తిరిగి వస్తుంటే దారిలో వాన పట్టుకుంది. ఆ వాన విత్తనాన్ని మొలిపిస్తుందో, వాలులో కొట్టుకుపోతుందో తెలియదు. లచ్చమ్మ ఎరువు వద్దనలేదు, మాగాక వచ్చే ఏడు వేస్తానంది. మొలిచిందన్న కబురు ఇంకా రాలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడుతున్నాను. మనం పుణ్యమనుకుని పంపింది ఒక ఇంటి తిండికే ముప్పు తెస్తుందని అంతకుముందు తోచలేదు.

మీరూ ఇలాంటి ఎరువు పట్టుకెళ్తుంటే ఒక్కటి చెయ్యండి. బస్తా కట్టేముందు కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే, ఎవరు ఎంత తొందరపెట్టినా కట్టకండి.