కూర్చోనివ్వని ప్యాంటు

మా అమ్మ గోనెలు కుట్టేది. షాలిమార్ గోదాముల నుంచి చిరిగిన సంచులు కట్టలు కట్టలుగా వచ్చేవి. బెంగాల్లో, సంత్రాగాఛిలో మా రైల్వే క్వార్టరు ముందున్న అరుగు మీద కూర్చుని, దబ్బనంలో పురికొస ఎక్కించి, వాటిని బాగుచేసి పంపేది. ఐదో తరగతితో నా చదువు ఆగిపోయాక ఆమె పక్కన నేనూ కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి గోనె కుట్టడంలో ఆ క్వార్టర్ల వరసలో నన్ను మించినవాడు లేడు. అయితే ఫలానావాడు గోనె ఎంత బాగా కుట్టాడో అని ఎవరైనా ఎవరినైనా మెచ్చుకోగా మీరు విన్నారా? నేనూ వినలేదు.

మెచ్చుకోళ్ళన్నీ మా బావవి. బావంటే మా మేనమామ కొడుకు. నాకంటే నాలుగు నెలలే పెద్ద. ఆ నాలుగు నెలలకే వాణ్ణి బావా అని పిలవాల్సి వచ్చేది, అదీ నాకు కష్టంగానే ఉండేది. తల్లి లేని పిల్లాడని అమ్మే శ్రీకాకుళం వైపు నుంచి తెచ్చుకుని పెంచింది. టికియాపారాలో ఒక దర్జీ దుకాణంలో పనికి పెట్టారు. రెండేళ్ళు తిరక్కుండానే కత్తెర పట్టాడు. లోకల్ రైలు దిగి సాయంత్రం ఇంటికొస్తే చెవి మీద సుద్దముక్క, మెడలో టేపు. అలాగే వచ్చేవాడు. ఇంటికొచ్చేటప్పుడు టేపు తీసి దుకాణంలో పెట్టి రాకూడదా? పెట్టడు. మాకు చూపించాలిగా.

అమ్మ వాడి కంచంలో అన్నం వడ్డిస్తూ, "మా అన్న కొడుకు సేతిలో ఏటో ఉన్నాదర్రా, గుడ్డ ముట్టుకుంటే సాలు" అనేది. నాకు వడ్డించేటప్పుడు ఏమీ అనేది కాదు. అన్నం ఇద్దరికీ సమానంగానే పెట్టేది. ఆ మాట కూడా చెప్పకపోతే పాపం.

బెల్‌బాటం ప్యాంట్ల రోజులు. రాష్ట్రంలో ఎర్రజెండా ప్రభుత్వం కొత్తగా వచ్చింది. ఆ ఏడు దుర్గా పూజలకు నాన్న మా ఇద్దరికీ ఒకే తానులోంచి కాఫీరంగు గుడ్డ కోయించి తెచ్చాడు. బావ రెండు రోజుల్లో తన ప్యాంటు కుట్టేసుకుని, తొడుక్కుని, అరుగు మీద అటూ ఇటూ నడిచాడు. కింద గంటలా విచ్చుకున్న ఘేరు నేలను ఊడుస్తోంది. అమ్మ దబ్బనం పక్కన పెట్టి మరీ చూసింది. నా పక్కన కూర్చుని పని ఆపి ఆమె ఏదైనా చూడటం అదే మొదటిసారి.

"ఓరి బామ్మర్దీ, నిలబడు. కొలత తీస్తాను" అన్నాడు బావ.

"నాది నాను కుట్టుకుంటాను" అన్నాను.

"నువ్వా?"

"ఏం? కుట్టడం నాకు రాదా ఏటి?"

అమ్మ నవ్వింది. "ఒరే, అది గోనె కాదురా గుంటడా, పేంటు."

ఆ నవ్వుతో నా మనసు గట్టిపడింది. నా చేత్తో కుట్టిన ప్యాంటు వేసుకుని అష్టమి నాడు మండపానికి పోవాలి. అమ్మ నన్ను చూసి ఒక్క మంచి మాట అనాలి. అంతకు మించి ఆ ఏడు దుర్గమ్మను నేనేమీ అడగలేదు.

నాన్న పాత ప్యాంటు ఒకటి కాలు మీద కాలు మడిచి నేల మీద పరిచాను. నా గుడ్డ నాలుగు పొరలుగా మడతపెట్టి దాని కింద ఉంచి, బొగ్గుతో చుట్టూ గీశాను. గీత వెంట కత్తిరించాను. నాలుగు ముక్కలు వచ్చాయి, నాలుగూ అచ్చం ఒకేలా ఉన్నాయి. సంచి కత్తిరించేటప్పుడు రెండు వైపులూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండటమే పనితనం. నేర్చుకున్నది అదే కదా. నా కోత చూసుకుని నాకే ముచ్చటేసింది. మిషను లేదు, బావది అడగను. సన్న సూదితో, అమ్మ నేర్పిన పద్ధతిలో నాలుగు కుట్లకొక ముడి వేస్తూ తొమ్మిది రోజులు కుట్టాను. జేబులు నాకు చేతకాలేదు. జేబులో వేసుకోవడానికి నా దగ్గర ఏముంది గనక అని వదిలేశాను.

అష్టమి పొద్దున వేసుకుని నిలబడ్డాను. పర్వాలేదు, బాగానే ఉంది. అమ్మ నోరు తెరవబోయింది, అంతలో బావ తన చొక్కా గుండీ తెగిందని పిలిచాడు. ఆ మాటేమిటో గుండీ వెంట పోయింది.

మండపం దగ్గర మధ్యాహ్నం ఖిచుడీ పెట్టారు. అందరూ నేల మీద బంతిలో కూర్చున్నారు. నేనూ సగం వంగాను. వెనక నడుము పట్టీ జరజరా కిందికి జారింది, ముందు కుట్టు తొడల మధ్య కోసుకుపోయేలా బిగిసింది. గబుక్కున లేచి నిలబడ్డాను. వడ్డించే బెంగాలీ పెద్దాయన "బోషో, దాదా, బోషో" అంటాడు. నేను కూర్చోను. అమ్మ బంతిలోంచి అరిచింది: "కూకోరా! అమ్మోరి పెసాదం నిలబడి తింటావేటి? అంత టెక్కేటి?"

బావ నా ప్యాంటు వైపు ఒక్కసారి చూశాడు. దర్జీవాడు కదా, వాడికి అర్థమైపోయింది. తన విస్తరి తీసుకుని లేచొచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"నాకూ కూకోబుద్ధి కాట్లేదత్తా, కాలు తిమ్మిరెక్కింది" అన్నాడు.

"సూడండర్రా" అంది అమ్మ చుట్టుపక్కల వాళ్ళతో, "బామ్మర్ది నిలబడ్డాడని తోడు నిలబడ్డాడు. ఎంత మంచి గుంటడో."

నా ప్యాంటు కూడా వాడికే పేరు తెచ్చింది.

బావ పక్కనుంచి మెల్లగా అడిగాడు: "ముందు ముక్కలు, వెనక ముక్కలు ఒకేలా కోసినావా?"

నేను విస్తరిలోకి చూస్తూ తలూపాను.

"గోనె ఎప్పుడైనా కూకుంటాదేటిరా? మనిషి కూకుంటాడు. వెనక పెద్దగా కొయ్యాల."

నిజం ఒప్పుకుంటాను, ఆ రోజంతా నిలబడటం కంటే మర్నాడు "నేర్పు బావా" అని అడగటమే నాకు కష్టమైంది. అడిగాను. పాత బెంగాలీ పేపరు మీద సుద్దతో గీసి చూపించాడు. వెనక ముక్క ఎంత పైకి లేవాలి, కూర్చునే చోట కోత ఎలా వంపు తిరగాలి, అన్నీ చెప్పాడు. ఎగతాళి చేస్తే బాగుండును, తిరిగి తిట్టొచ్చు. చెయ్యలేదు.

దీపావళి దాటాక నాన్న ఇచ్చిన పాత దుప్పటితో రెండోది కుట్టాను. కోత నాదే, కుట్టూ నాదే. తొడుక్కుని అమ్మ ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. లేచాను. మళ్ళీ కూర్చున్నాను.

"నువ్వు కోసినావేటి?" అంది అమ్మ బావతో.

"నాను కత్తెర ముట్టుకోనేదత్తా. వాడే."

అమ్మ నన్ను దగ్గరికి రమ్మని, కుట్టు పట్టుకుని గట్టిగా లాగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి పెట్టె తెరిచి, రైల్వేవాళ్ళు నాన్నకు యూనిఫారం కోసం ఏటేటా ఇచ్చే నీలం గుడ్డ తెచ్చింది. అప్పటిదాకా ఆ గుడ్డ బావ చేతికే వెళ్ళేది. తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"మీ నాన్నది నువ్వు కుట్టు. బాగున్నాది" అంది.

తలెత్తి చూస్తే బావ ఆ గుడ్డ వైపే చూస్తున్నాడు. ఆ ముఖం నాకు కొత్త కాదు. రెండేళ్ళుగా అన్నం కంచం ముందు నేను పెట్టుకు కూర్చున్న ముఖమే అది. పాపం అనిపించాలి. అమ్మ లేనివాడు, నాకు పని నేర్పినవాడు. ఇంత వయసొచ్చాక అబద్ధం చెప్పి ఏం చేసుకుంటాను? నాకు పాపం అనిపించలేదు, హాయిగా అనిపించింది.

గుడ్డ మడత విప్పి నేల మీద పరిచాను.

"బావా, నీ కత్తెర ఇలగ తే" అన్నాను.