అఫ్షా బ్లాగుకు గల్లీ చేసిన బోణీ

మూడుసార్లు వద్దన్న ప్రకటనల కంపెనీ నాలుగోసారి సరేనన్నది. అఫ్షా రాసే ‘టేపూ కత్తెరా’ అనే బ్లాగులో ఆ రోజు నుంచి ప్రకటనలు కనబడసాగాయి. చదివేవాళ్లు వాటిని నొక్కితే వచ్చే డబ్బులో ఆమెకు వాటా ఉంటుంది. మెదక్ పట్టణం మొత్తం మీద ఇలాంటి ఆమోదం సంపాదించిన ఆడపిల్ల ఇంకొకతె ఉంటే ఉండవచ్చు గానీ, రాందాస్ చౌరస్తా వెనక గల్లీలో మాత్రం ఆమే మొదటిది.

ఇది ఊరికే పొగడటానికి అంటున్న మాట కాదు. టైలర్ ఫక్రుద్దీన్ కూతురికి ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, షాపులో రెండూ. పదో తరగతిలో తెలుగు మార్కుల్లో బడికే మొదటిది. వ్యాసరచనలో జిల్లా స్థాయి రెండో బహుమతి. మొదటిదే రావలసింది, ఆఖరి పేరా రాస్తుండగా గంట కొట్టి కాగితం లాక్కున్నారు. డిగ్రీలో ఫస్టు క్లాసు. లంగా వేసుకునే వయసులోనే కాజాలు కుట్టింది, ఇంటర్‌లో ఉండగానే కత్తెర పట్టింది.

బ్లాగు ఎలా పుట్టిందో చెప్పాలి. పాపన్నపేటలో ఇంటి దగ్గరే మిషన్ కుట్టుకునే పద్మమ్మ ఒకనాడు ఫోన్ చేసింది. “బిడ్డా, జాకిట్టు చంక కాడ ముడత వడుతుంది. ఎంత సరిజేసినా పోతలేదు” అన్నది. అఫ్షా ఓపికగా చెప్పింది. మర్నాడు శంకరంపేట నుంచి ఇంకొకామె అదే అడిగింది. ఆ తర్వాత ఇంకొకామె. ఒక్కసారి రాసిపెడితే అందరూ చదువుకుంటారు కదా అనుకుని, గిరాకీ లేని మధ్యాహ్నాల్లో గుడ్డలు కత్తిరించే బల్ల మీదే ఫోన్ పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. ఆ రాత ఎంత శుభ్రంగా ఉంటుందో చూడండి: ‘చంక లోతు అరంగుళం ఎక్కువైతే చేయి ఎత్తినప్పుడు జాకెట్టంతా పైకి లేస్తుంది. అక్షింతలు వేసేటప్పుడు తెలుస్తుంది ఆ బాధ.’

కంపెనీ మొదటిసారి విషయం చాలదన్నది. రెండోసారి ఫోటోలు సొంతవి కావన్నది. అఫ్షా వాటిని తీసేసి, షాపులోని గుడ్డ బొమ్మకు జాకెట్లు తొడిగి తానే ఫోటోలు తీసుకుంది. మూడోసారి, రాసేదెవరో చెప్పే పేజీ ఏదన్నది. ‘నేను మెదక్ టైలర్ ఫక్రుద్దీన్ కూతుర్ని’ అని మొదలుపెట్టి ఆ పేజీ రాసి తండ్రికి చదివి వినిపించింది. ఆయన అంతా విని, “షాపు టైమింగ్ గూడ రాయి” అన్నాడు.

ఆ ఫక్రుద్దీనే ఒక షరతు కూడా పెట్టాడు. “రంజాన్ పండుగ దాకా నిన్నేం అడుగ. అప్పటికి నీ రాత మీద పైసలు రాకుంటె బట్టల షోరూంల కౌంటర్ కాడ కూసోవాలె. వాండ్లు ఇప్పటికే రెండుసార్లు అడిగిండ్రు.”

అఫ్షా ఒప్పుకుంది. షోరూంలో కూర్చుంటే పొద్దున పోయి రాత్రికి రావాలి. ఇంక రాసేదెప్పుడు? అందుకే నాలుగోసారి కంపెనీ సరేనన్నప్పుడు ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఆ కబురు విని అందరికంటే ఎక్కువ సంతోషించింది నాయనమ్మ తాజ్ బీ. గల్లీ అంతా ఆమెను దాదీ అనే పిలుస్తుంది.

“అంటె ఇది దుకాణం తెరిచినట్టేనా?” అని అడిగింది.

“గట్లనే అనుకో దాదీ.”

“మరి బోణీ?”

అఫ్షా నవ్వి ఊరుకుంది. అక్కడే పొరపాటు జరిగింది. మనవైపు ఎవరైనా కొత్తగా దుకాణం పెడితే ఇరుగుపొరుగు మొదటి రోజే వెళ్లి ఏదో ఒకటి కొంటారు. అవసరమై కాదు, తెరిచినవాళ్ల చేయి ఖాళీగా ఉండకూడదని. పక్కన నర్సింహ చాయ్ హోటల్ పెట్టిన రోజు, షుగర్ ఉన్న మనిషి తాజ్ బీ కూడా చక్కెర వేసిన చాయ్ తాగి వచ్చింది. అలాంటిది సొంత మనవరాలి బోణీ వదులుతుందా?

అఫ్షా పెళ్లి జాకెట్ల కొలతల కోసం హవేలిఘనపూర్ వెళ్లిన రోజు చూసి, దాదీ గల్లీలో ఇల్లిల్లూ తిరిగింది.

“నొక్కితె నా పైసలు పోవు గద, దాదీ?” అన్నాడు నర్సింహ.

“నీ పైసలు ఎవడు అడిగిండురా? కంపెనోడు ఇస్తడు. నువ్వు జర ఏలు వెట్టు, సాలు.”

నర్సింహ నొక్కాడు. చాయ్‌కి వచ్చిన ఆటోవాళ్ల చేత నొక్కించాడు. ఎదురింటి రోజీ దవాఖానలో నర్సు. ఆమె బ్లాగు లింకును తన వార్డు వాట్సాప్ గ్రూపులో పెట్టింది. కొంచెం ప్రేమ ఉన్నవాళ్లు ఒక్కసారి నొక్కారు. ప్రేమ ఎక్కువైనవాళ్లు చాయ్ చల్లారేదాకా నొక్కుతూనే ఉన్నారు.

మర్నాడు లెక్క చూసుకుని అఫ్షా పొంగిపోయింది. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. నొక్కినవాళ్లు నిజమైన పాఠకులు కారనీ, ఆ డబ్బు ఇచ్చేది లేదనీ, నెల రోజులు ప్రకటనలు ఆపుతున్నామనీ అందులో ఉంది. నెల రోజులంటే పండుగ దాటిపోతుంది.

“దాదీ, నొక్కుమని ఎవరికి చెప్పినవ్?”

“ఎవరికి చెప్పలేదో అడుగు, జల్ది అయితది.”

“మనోళ్లు నొక్కొద్దు దాదీ. గా సామాను మీద మనసున్నోడే నొక్కాలె. లేకుంటె కంపెనీ దొంగతనం కింద లెక్క కడ్తది.”

“బోణీ దొంగతనమా?” తాజ్ బీ నిజంగానే నొచ్చుకుంది. “గా కంపెనోనికి ఇల్లూ గల్లీ లేవా?”

సంగతి తెలిసి నర్సింహ పరేషాన్ అయి షాపు ముందుకు వచ్చాడు. “అఫ్షా బేటీ, నొక్కింది వాపస్ తీసుకోవచ్చా?”

“తాగిన చాయ్ వాపస్ తీసుకుంటవా నువ్వు? గిది గూడ గంతే,” అన్నది రోజీ.

అందరూ నవ్వారు, ఫక్రుద్దీన్ తప్ప. “రంజాన్ దాకా అని చెప్పిన. రంజాన్ అంటె రంజానే,” అని మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు.

అఫ్షా రెండు రోజులు ఫోన్ ముట్టలేదు. మూడో రోజు బల్ల ముందు కూర్చుని, చంక లోతూ మెడ వంపూ పక్కనపెట్టి, జరిగింది జరిగినట్టు రాసింది. గల్లీ తనకు ఎలా బోణీ చేసిందో, నర్సింహ ఏమడిగాడో, దాదీ ఏమన్నదో, అన్నీ వాళ్ల మాటల్లోనే. చివర, ‘చదవండి, దయచేసి నా కోసం ఏదీ నొక్కకండి’ అని ముగించింది. పెట్టేముందు నాయనమ్మకు చదివి వినిపించింది.

“నా ఫోటో గిట్ల పెట్టలేదు గద?”

“లేదు దాదీ. పేరు ఒక్కటే.”

“పేరు జర పెద్దగ రాయి.”

ఆ రాత జాకెట్ల రాతలన్నిటినీ దాటిపోయింది. ఇళ్లలో మిషన్ కుట్టుకునే ఆడవాళ్లు ఒకరికొకరు పంపుకున్నారు. అలా పోయి పోయి హైదరాబాదులో చైతన్య అనే ఆమె కంట పడింది. ఇంటి పట్టున పనిచేసే ఆడవాళ్ల కోసం తెలుగులో వెబ్‌సైటు నడుపుతుంది ఆమె. ఫోన్ చేసి, “మీ గల్లీ కథ మా సైటుకు ఇస్తారా? పారితోషికం పంపుతాం. కుట్టుపని మీద కూడా నెలనెలా రాయండి,” అన్నది.

పండుగకు ఇంకా వారం ఉండగా బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఖాతాకు ఉన్నది తండ్రి ఫోన్ నంబరే కాబట్టి ముందు ఆయనే చూశాడు. అప్పుడు షాపు నిండా పండుగ బట్టలు. కత్తెర ఆపి, కళ్లద్దాలు పైకి తోసి అడిగాడు.

“గిది ఎవరు నొక్కిండ్రు?”

“ఎవ్వరు నొక్కలే అబ్బాజాన్. రాస్తె ఇచ్చిండ్రు.”

ఫక్రుద్దీన్ ఇంకోసారి చూసుకున్నాడు. తర్వాత షోరూం సేటుకు ఫోన్ కలిపి, “సేట్, మా బిడ్డ రాదు. ఆమెకు పనుంది,” అని పెట్టేశాడు.

పండుగ తర్వాత ప్రకటనలూ తిరిగి వచ్చాయి. ఇప్పుడు షాపు కరెంటు బిల్లు బ్లాగే కడుతుంది. చైతన్య సైటులో అఫ్షా రాతలకు విడిగా ఒక పేజీ పెట్టారు. కుట్టుపని పాఠాలు వరసగా రాయించడానికి ఆమెను హైదరాబాదు పిలిపించుకున్నారు కూడా. సరిగ్గా బడి యూనిఫాంలు కుప్పలు పడే రోజులివి, షాపులో రెండు చేతులు తక్కువైనా ఫక్రుద్దీన్ తానే బస్సు ఎక్కించి వచ్చాడు. జాకెట్లు అఫ్షాయే కత్తిరించాలని పట్టుబట్టే ఆడవాళ్లకు మిషన్ ఆపకుండానే చెబుతున్నాడు: “జర ఆగుండ్రి. బిడ్డ రాసే పని మీద పోయింది. జూన్ పద్నాలుగు, ఆదివారం వస్తది.”